మాట మీద కాపలా



ఈ ప్రసంగం మధ్యలో ఎక్కడైనా నా గొంతు ఆగిపోవచ్చు. ఒకే అక్షరం దగ్గర రెండు మూడు సార్లు తడబడవచ్చు. ప్రసారంలో లోపమేమీ లేదు. నాకు నత్తి ఉంది. చిన్నప్పుడూ ఉండేది, ఉద్యోగంలో చేరినప్పుడూ ఉండేది, ఇప్పుడూ ఉంది. రికార్డు చేశాక ఆ చోట్లను కత్తిరించవద్దని స్టూడియో మిత్రులను ముందే కోరాను. వాళ్లు సరేనన్నారు.

అంతా మన చెప్పుచేతల్లోనే ఉండాలన్న పట్టు మనిషి ఎదుగుదలను ఎక్కడ ఆపేస్తుందో మాట్లాడమని నన్ను పిలిచారు. విషయం చాలా పెద్దది. డబ్బు దగ్గర, పిల్లల దగ్గర, ఆఫీసులో, వంటింట్లో ఆ పట్టు కనిపించని చోటు లేదు. అన్నిటి గురించీ తలా ఒక మాట చెబితే ఎవరికీ ఏమీ అందదు. అందుకని నాకు లోపలి నుంచి తెలిసిన ఒక్క చోటే నిలబడి చెబుతాను. నాలుకను అదుపులో పెట్టుకోవాలని ఏళ్ల తరబడి పోరాడే మనిషికి ఏమవుతుందో, ఆ పోరాటం ఆపితే ఏమవుతుందో చెబుతాను.

నత్తి అంటే ఏమిటో ముందు కాస్త చెప్పాలి. దాని గురించి మన ఇళ్లలో తిరిగే మాటల్లో చాలా వాటికి ఆధారం లేదు. పిల్లలు పదాలు కూర్చి వాక్యాలుగా మాట్లాడటం నేర్చుకునే రోజుల్లో, అంటే రెండేళ్లకూ ఐదేళ్లకూ మధ్య, ఇది ఎక్కువగా మొదలవుతుంది. వందమంది పిల్లల్లో సుమారు ఐదుగురికి ఏదో ఒక దశలో వస్తుంది. వాళ్లలో ఎక్కువమందికి కొన్నాళ్లకు పోతుంది. పోనివాళ్లు దానితోనే పెద్దవాళ్లవుతారు. మొత్తం జనంలో నూటికి ఒకరికి ఉంటుందని అంచనా. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 8 కోట్ల 46 లక్షలు. ఆ లెక్కన తెలుగునాట 8 లక్షల మందికి పైగా నత్తి ఉండాలి. మీ వీధిలో ఎవరూ లేరనిపిస్తే, ఉన్నవాళ్లు దాన్ని మీకు కనబడనీయడం లేదని అనుకోవచ్చు. అసలు కథ అక్కడే ఉంది.

భయపెడితే నత్తి రాదు. నత్తి ఉన్నవాణ్ణి వెక్కిరిస్తే అంటుకోదు. తెలివి తక్కువైతే వచ్చేది కాదు. వస చాలకపోవడం వల్ల కూడా రాదు. పసిపిల్లలకు వస కొమ్ము అరగదీసి నాకించడం మన ఆచారం. గలగలా మాట్లాడే పిల్లను చూసి, దీనికి వస ఎక్కువ పోశారా అని నవ్వుతాం. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మా అమ్మ ముఖం చిన్నబోయేది, నా విషయంలో తానేదో తక్కువ చేసినట్టు. ఆమె తక్కువ చేసింది ఏమీ లేదు. మాటను నడిపించే మెదడు భాగాల పనిలోనే తేడా ఉంటుంది. అది చాలాసార్లు కుటుంబాల్లో వారసత్వంగా దిగుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన డెన్నిస్ డ్రేనా బృందం పాకిస్తాన్ కుటుంబాలను పరిశీలించి, నత్తితో సంబంధం ఉన్న జన్యు మార్పులను 2010లో ప్రకటించింది. ఆ వార్త చదివిననాడు అమ్మ ఉండి ఉంటే బాగుండేదనిపించింది.

ఇప్పుడు ఒక వింత సంగతి. నత్తి ఉన్నవాడు పాట పాడితే ఆగడు. తరగతిలో అందరితో కలిసి ఎక్కాలు చదివితే ఆగడు. భజనలో ఆగడు. గదిలో ఒంటరిగా తనతో తాను మాట్లాడుకున్నా, దూడతోనో కుక్కపిల్లతోనో మాట్లాడినా చాలావరకు ఆగడు. రంగస్థలం మీద రాగం తీసి పద్యం పాడుతుంటే ధారగా సాగిన గొంతే, తెర వెనక్కి వచ్చి మంచినీళ్లు అడగబోతే పట్టేస్తుంది. నాలుక బాగానే ఉంది, పెదవులు బాగానే ఉన్నాయి. ఎదురుగా ఒక మనిషి నిలబడి, ఆ మనిషికి ఈ మాట ఇప్పుడే చెప్పి తీరాలి అన్న క్షణంలోనే చిక్కు వస్తుంది.

ఆ క్షణంలో గొంతులో ఏం జరుగుతుందో చెబుతాను. మామూలుగా ఊపిరితిత్తుల నుంచి గాలి పైకి వస్తుంది, స్వరపేటికలోని స్వరతంత్రులు దగ్గరకు వచ్చి కంపిస్తాయి, నాలుక, పెదవులు ఆ ధ్వనిని అక్షరాలుగా మలుస్తాయి. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి కచ్చితమైన వేళకు జరగాలి. మీరెవరూ వాటిని చూసుకుంటూ మాట్లాడరు. చూసుకోరు కాబట్టే మాట్లాడగలుగుతున్నారు. నత్తిలో ఆ వరుస ఒక్క అరక్షణం తప్పుతుంది. స్వరతంత్రులు బిగుసుకుంటాయి, గాలి కింద నిలిచిపోతుంది. ఆ తప్పు అంతవరకే అయితే చిన్నది, దానంతటదే సర్దుకునేది. కాని మనిషి ఊరుకోడు. పొట్ట బిగించి, మెడ నరాలు పొంగేలా ఆ గాలిని పైకి తోస్తాడు. తోసినకొద్దీ తంత్రులు మరింత బిగుస్తాయి. తడిసిన తాడు ముడిని రెండు వైపులా పట్టి లాగినట్టే. పక్కన నిలబడి చూసేవాళ్లకు కనిపించే కళ్లు మూసుకోవడం, పిడికిలి బిగించడం, కాలు నేలకేసి కొట్టడం, తొడ చరుచుకోవడం, ఇవేవీ నత్తి కావు. నత్తిని జయించాలని చేసే ప్రయత్నాలు. ఒకసారి తొడ చరిస్తే మాట వచ్చింది కాబట్టి మర్నాడూ చరుస్తాడు. నాలుగు రోజులకు ఆ చరుపు పనిచేయడం మానేస్తుంది, అలవాటు మాత్రం ఉండిపోతుంది. అదుపు కోసం తెచ్చుకున్నది కొత్త బరువై కూర్చుంటుంది.

ఇది బయటికి కనబడే భాగం. కనబడనిది దీనికంటే చాలా పెద్దది.

గుంటూరులో బస్సెక్కి పిడుగురాళ్ల వెళ్లాలి. కండక్టరు వచ్చి ఎక్కడికి అంటాడు. 'ప' దగ్గర గొంతు పట్టేస్తుందని ముందే తెలుస్తుంది. 'ద' అయితే పరవాలేదు. అప్పుడు దాచేపల్లికి టికెట్టు తీసుకుని, డబ్బులు ఎక్కువ ఇచ్చి, పిడుగురాళ్లలో దిగిపోతారు. హోటల్లో పెసరట్టు తినాలని ఉంటుంది, ఇడ్లీ అంటారు. పెళ్లి అనడానికి బదులు వివాహం అంటారు. వాక్యం మొదలుపెట్టే ముందు 'అంటే', 'అదే', 'అసలు సంగతేంటంటే' అని పరుగెత్తి వస్తారు, ఆ ఊపులో కష్టమైన అక్షరం దాటిపోతుందేమోనని. ఏ మాటకైనా మారుమాట దొరుకుతుంది, ఒక్క పేరుకు దొరకదు. అందుకే నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి లోకంలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న, నీ పేరేంటి. హాజరు పట్టీ పిలుస్తుంటే తన వంతు ఇంకా ఎంత దూరం ఉందో లెక్కపెడుతూ కూర్చునే పిల్లవాడి గుండె దడ, పెళ్లిచూపుల్లో పేరు అడుగుతారని ముందు రోజు రాత్రంతా నిద్రపోని అమ్మాయి బెంగ ఆ పక్కన కూర్చున్నవాళ్లకు తెలియవు. ఫోను మోగితే లేచి పెరట్లోకి వెళ్లిపోతారు. సందేహం ఉన్నా చెయ్యెత్తరు. మాట్లాడే పని తక్కువ ఉన్న చదువు, మాట్లాడే పని తక్కువ ఉన్న ఉద్యోగం వెతుక్కుంటారు. జీవితంలోని పెద్ద నిర్ణయాలను నత్తి తీసుకుంటుంది. పైకి మాత్రం అంతా బాగానే ఉంటుంది. మితభాషి, మంచివాడు అంటారు.

నేను చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగం చేశాను. చేరిన కొత్తలో 'క', 'ప' నా శత్రువులు. కాకతీయులు అనవలసి వస్తే ఓరుగల్లు రాజులు అనేవాణ్ణి. కృష్ణదేవరాయలు అనవలసిన చోట రాయలవారు. పానిపట్టు యుద్ధం అనడానికి బదులు 1526 నాటి యుద్ధం, 1761 నాటి యుద్ధం. తేదీలన్నీ కంఠతా వచ్చిన మాస్టారని పిల్లలు నన్ను గౌరవించేవారు. పాఠం చెబుతున్నంతసేపూ నా బుద్ధిలో ఒక భాగమే పాఠంలో ఉండేది. తక్కిన భాగం రెండు వాక్యాల ముందుకు వెళ్లి, అక్కడ ఏ అక్షరం కాచుకుని ఉందో చూసి వచ్చి, దారి మళ్లించే పనిలో ఉండేది. మాట మీద అంత కాపలా పెట్టాక ఆలోచనకు చోటు ఎక్కడ? బాబరు ఫిరంగులను ఎలా నిలబెట్టాడో వివరించే ఉత్సాహం ఉండేది, వివరించడానికి కావలసిన మాటల మీద నమ్మకం ఉండేది కాదు. పిల్లలు ప్రశ్న అడిగితే జవాబు ఏమిటన్నది కాకుండా, ఆ జవాబు ఏ అక్షరంతో మొదలవుతుందన్నదే ముందు తట్టేది. అలాంటి స్థితిలో మనిషి తన పనిలో ఎదగడు. ఎంత చదివినా ఎదగడు.

నత్తిని బలవంతంగా లొంగదీయాలన్న ప్రయత్నం చాలా పాతది. గ్రీకు వక్త డెమోస్తనీసు నోట్లో గులకరాళ్లు పెట్టుకుని సాధన చేశాడని ప్లూటార్కు రాశాడు. మన ఊళ్లలో ఇప్పటికీ పిల్లల నోట్లో రాళ్లు పెట్టే పెద్దలున్నారు. పసిపిల్లలకు అవి గొంతుకు అడ్డం పడతాయి, దయచేసి ఆ పని చేయకండి. 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడు నత్తి పోవడానికి నాలుక మొదట్లో ముక్క కోసి తీసేశాడు. మత్తుమందు ఇంకా వాడుకలోకి రాని కాలం అది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో లీ ట్రావిస్ అనే ఆచార్యుడు, మెదడులోని రెండు సగాల మధ్య పెత్తనం తేలకపోవడమే కారణమని భావించాడు. కుడిచేతికి పిండికట్టు వేసి, అన్ని పనులూ ఎడమచేత్తో చేయించాడు. ఆ కట్టు వేయించుకున్నవాళ్లలో వెండెల్ జాన్సన్ ఒకరు. కట్టు విప్పినా నత్తి పోలేదు. కాని ఆ చోటు గొప్పది. నత్తి ఉన్న యువకులే పరిశోధకులై తమ మీద తామే ప్రయోగాలు చేసుకున్న చోటు అది.

వాళ్లలో చార్లెస్ వాన్ రైపర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది. 1905లో మిషిగన్ రాష్ట్రంలోని చాంపియన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. నత్తి ఎంత తీవ్రమంటే, ఒక దశలో మాట్లాడే బాధ పడలేక చెవిటి మూగవాడిలా నటిస్తూ ఒక వ్యవసాయ క్షేత్రంలో కూలిపని చేశారు. చదువుకున్న మనిషి. మాట మీద సంపూర్ణమైన అదుపు సాధించడానికి అంతకంటే తిరుగులేని మార్గం ఉండదు, అసలు మాట్లాడకపోవడం. అక్కడి నుంచి బయలుదేరి ఇంటికి వెళ్తుండగా దారిలో ఒక ముసలాయన కారు ఆపి ఎక్కించుకున్నాడు. పేరు అడిగాడు. వాన్ రైపర్ గింజుకుంటుంటే ఆ ముసలాయనకు నవ్వొచ్చింది. వెక్కిరింపు నవ్వు కాదు. తనకూ నత్తే. వయసులో ఉండగా నేనూ నీలాగే పెనుగులాడేవాణ్ణి, ఇప్పుడు అంత ఓపిక లేదు, మాట ఎలా వస్తే అలా జారనిస్తున్నాను అని చెప్పాడు. ఆయన మాట్లాడుతుంటే నత్తి వినిపిస్తూనే ఉంది, కాని శ్రమ లేదు.

వాన్ రైపర్ తన జీవితంలో ఈ ఘట్టాన్ని ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ కారులోనే ఆయనకు తట్టింది. ఇన్నాళ్లూ తాను వెతికింది నత్తి లేని మాట కోసం. వెతకవలసింది శ్రమ లేని నత్తి. అయోవాలో చదువుకుని, 1936లో కలమజూ అనే ఊళ్లో వాక్ చికిత్సాలయం నెలకొల్పి, జీవితమంతా ఆ దారినే పనిచేశారు. ఆయన పద్ధతిలో మొదటి మెట్టు నత్తిని తరిమేయడం కాదు, తిరిగి చూడటం. అద్దం ముందు నిలబడి, మాట ఎక్కడ ఆగుతోంది, పెదవుల దగ్గరా, గొంతు దగ్గరా, ఆగినప్పుడు నేనేం చేస్తున్నాను అని చూసుకోవాలి. రెండో మెట్టు, దాని మీద ఉన్న భయాన్ని అరగదీయడం. ఆ తరువాతే మాట్లాడే తీరును మెల్లగా మార్చుకోవడం. ఆగిన మాటను తోయకుండా అక్కడే నిలిచి, బిగువు వదిలి, నెమ్మదిగా జారుతూ బయటికి రావడం. 1971లో, 1973లో ఆయన రాసిన రెండు పెద్ద గ్రంథాలు వాక్ చికిత్స చదివేవాళ్లకు ఇప్పటికీ మూలగ్రంథాలు.

భయాన్ని అరగదీయడం ఎలాగంటే, కావాలని నత్తిగా మాట్లాడటం ద్వారా. మొదటిసారి స్పీచ్ థెరపిస్టు ఈ మాట చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది. పోగొట్టుకోవడానికి వచ్చినవాణ్ణి మళ్లీ తెచ్చుకోమంటారా అనిపించింది. ఆమె ఏమీ వాదించలేదు. కిరాణా కొట్టుకు వెళ్లి బెల్లం అడగండి, 'బె' అన్న అక్షరాన్ని కావాలని మూడుసార్లు అనండి, కొట్టువాడి ముఖంలోంచి చూపు తిప్పకండి అంది. వెళ్లాను. కొట్టు ముందు చాలాసేపు నిలబడ్డాను. చివరికి 'బె, బె, బెల్లం అరకిలో' అన్నాను. ఆయన బెల్లం తూచి, కాగితంలో చుట్టి, ఇంకేం కావాలి సార్ అన్నాడు. అంతే. చిన్నతనం నుంచి నేను రాకుండా అడ్డుకుంటూ వచ్చిన ప్రమాదం అది. నా బతుకంతా ఖర్చుపెట్టి కాపాడుకుంటున్నది కొట్టువాడి దృష్టిలో ఒక్క క్షణం ఆలస్యం.

అందరూ ఆ కొట్టాయనలా ఉండరు. నవ్వేవాళ్లు ఉన్నారు, నా వాక్యం తామే పూర్తిచేసి తొందరపెట్టేవాళ్లు ఉన్నారు. మన సినిమాల్లో నత్తి ఉన్న పాత్ర ఎందుకుంటుందో మీకు తెలుసు. అయితే ఆ నవ్వు నా చేతుల్లో లేదు. నేను ఏ అక్షరం తప్పించినా, ఎన్ని ఊళ్లకు టికెట్లు మార్చినా, ఎదుటి మనిషి నా గురించి ఏమనుకోవాలో నేను నిర్ణయించలేను. నాలుక మీద పెట్టానని అనుకున్న కాపలా నిజానికి ఎదుటివాళ్ల మనసు మీద పెట్టాలని చూసిన కాపలా. అది ఎవరికీ సాధ్యం కాదు, ఎంత వాగ్ధాటి ఉన్నవాడికైనా.

తరగతిలో మొదటి రోజునే, నాకు నత్తి ఉంది, ఆగితే కాస్త ఆగండి, అర్థం కాకపోతే అడగండి అని చెప్పడం మొదలుపెట్టాను. నత్తి పోలేదు. నిజం చెప్పాలంటే మొదట్లో పెరిగినట్టే వినిపించింది, అంతకుముందు దాక్కున్నదంతా బయటికి వచ్చింది కదా. కాని కాకతీయులను కాకతీయులనే అన్నాను. రుద్రమదేవి గురించి, మార్కో పోలో రాతల గురించి, చెరువుల గురించి చెప్పవలసిందంతా చెప్పాను. రెండు వాక్యాల ముందుకు పరుగెత్తి కాపలా కాసే ఆ మనసు తిరిగి వచ్చి పాఠంలో కూర్చుంది. పిల్లలు ప్రశ్నలు అడగడం పెరిగింది. తడబడే మాస్టారి ముందు తాము తడబడటానికి వాళ్లకు సిగ్గు తగ్గిందని నా నమ్మకం. కొన్నేళ్లకు నత్తి కూడా మెత్తబడింది. దాన్ని మెత్తబరచాలని నేను చేసింది ఏమీ లేదు. భయం తగ్గితే బిగువు తగ్గుతుంది, బిగువు తగ్గితే పట్టివేత చిన్నదవుతుంది.

నత్తి ఉన్న బ్రిటన్ రాజు ఆరవ జార్జి కథ సినిమాగా వచ్చాక చాలామందికి తెలిసింది. 1925 అక్టోబరు 31న వెంబ్లీలో సామ్రాజ్య ప్రదర్శన ముగింపు సభలో ఆయన చేసిన ప్రసంగం వినేవాళ్లకూ చెప్పే ఆయనకూ బాధాకరంగా నడిచింది. మరుసటి ఏడాది నుంచి ఆస్ట్రేలియా వాడైన లయనెల్ లోగ్ దగ్గర సాధన చేశారు. 1939 సెప్టెంబరు 3న యుద్ధం ప్రకటించిన రోజున దేశమంతా రేడియో చుట్టూ చేరి విన్న ప్రసంగంలో ఆయన విరామాలు ఇప్పటికీ వినవచ్చు. లోగ్ ప్రసంగపాఠంలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గుర్తులు పెట్టేవాడు, కష్టమైన మాటలు మార్చేవాడు కూడా. అది కాపలా పద్ధతే, దానికీ ఒక స్థానం ఉంది. యుద్ధం నడుస్తుండగా రాజుకు చికిత్స సిద్ధాంతాలు చెప్పి లాభం లేదు. అయితే అదే లోగ్ రాసుకున్న మరో సంగతి నాకు ఎక్కువ ఇష్టం. యుద్ధకాలపు ఒక ప్రసంగం తర్వాత, ఫలానా అక్షరం దగ్గర ఆగారేమని అడిగితే, మాట్లాడింది నేనేనని జనానికి తెలియాలి కదా అన్న అర్థంలో రాజు జవాబిచ్చాడట. పదేళ్ల ముందు ఆ మనిషి నోట ఆ జవాబు వచ్చి ఉండేది కాదు. నా దృష్టిలో ఆయన సాధించిన మెరుగుదల ఆ జవాబే. ఆ ప్రసంగంలో ఎన్ని అక్షరాలు సాఫీగా వెళ్లాయన్న లెక్క దాని తర్వాతే.

ఇప్పుడు తల్లిదండ్రులతో ఒక మాట. నిదానంగా చెప్పు, ఊపిరి పీల్చుకుని చెప్పు, ముందు ఆలోచించుకుని చెప్పు అని ప్రేమతోనే అంటారు. ఒక్కో సలహా పిల్లవాడి చేతికి ఒక్కో కాపలాకర్ర ఇస్తుంది. 1939లో అయోవాలో ఒక దారుణం జరిగింది. కుడిచేతికి కట్టు వేయించుకున్నారని చెప్పానే, ఆ వెండెల్ జాన్సన్ పర్యవేక్షణలో ఆయన విద్యార్థిని ఒకామె డావెన్‌పోర్ట్ అనాథాశ్రమంలోని పిల్లల మీద ప్రయోగం చేసింది. బాగానే మాట్లాడే కొందరు పిల్లలకు, నీకు నత్తి మొదలవుతోంది, జాగ్రత్త, సరిగ్గా చెప్పగలిగితే తప్ప నోరు తెరవకు అని పదేపదే చెప్పారు. ఆ పిల్లలకు నిజంగా నత్తి రాలేదు. కాని ముడుచుకుపోయారు, తరగతిలో జవాబు చెప్పడం మానేశారు, కొందరికి ఆ జంకు జీవితాంతం వెంట వచ్చింది. 2001లో ఆ విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. తల్లిదండ్రులు గమనించడం వల్లే నత్తి పుడుతుందన్న జాన్సన్ సిద్ధాంతం నిలవలేదు. నిలిచిన సంగతి ఒకటే. తన మాటను తానే కనిపెట్టుకుని ఉండమని నేర్పితే, మాట బాగున్న పిల్లవాడు కూడా మూగవాడవుతాడు.

దీనర్థం చిన్నపిల్లలను పట్టించుకోకుండా వదిలేయమని కాదు. బడికి వెళ్లకముందే స్పీచ్ థెరపిస్టుకు చూపిస్తే ఎంతో మేలు జరుగుతుంది. ఆ వయసులో చికిత్స వేరు, ఫలితం వేరు. మైసూరులో 1965లో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇంటి దగ్గర మీరు చేయవలసింది, పిల్లవాడు చెబుతున్న సంగతి వినడం. ఎలా చెబుతున్నాడన్నది వాడికి వినిపించేలా లెక్కపెట్టవద్దు. మీ మాటల వేగం మీరు తగ్గించుకుంటే చాలు, వాడి వేగం గురించి చెప్పనక్కరలేదు.

నత్తి లేని శ్రోతలు, ఇది మాకెందుకు అనుకోవచ్చు. రాత్రి గడియారం చూస్తూ, ఇప్పుడు నిద్రపోయినా ఐదు గంటలే దక్కుతుందని లెక్కవేస్తూ, నిద్రను బలవంతంగా రప్పించాలని చూసినవాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. కొన్ని పనులు తోస్తే జరుగుతాయి, బస్తా మోయడం, పొలం దున్నడం, పరీక్షకు చదవడం. కొన్ని తోస్తే ఆగిపోతాయి. ఏది ఏ జాబితాలోదో తెలుసుకోవడానికి నాకు దొరికిన గుర్తు ఒకటుంది. ఎంత శ్రమ పెంచితే అంత వెనక్కి పోతున్నామంటే, శ్రమ పెట్టే చోటు తప్పిందని అర్థం. నేను శ్రమ మానలేదు. అక్షరం మీది నుంచి తీసి, చెయ్యెత్తడం మీద, ఫోను ఎత్తడం మీద, పిడుగురాళ్లకు పిడుగురాళ్ల టికెట్టే అడగడం మీద పెట్టాను. మాట ఎలా వస్తుందో నా చేతిలో లేదు. మాట్లాడాలా వద్దా అన్నది పూర్తిగా నా చేతిలో ఉంది. ఆ రెండోదాన్ని చాలా ఏళ్లు నేను వాడుకోనేలేదు.

చివరగా, నత్తి ఉన్నవాళ్లకు ఎదురుగా కూర్చునేవాళ్లకు కొన్ని కోరికలు. వాళ్ల మాట మీరు అందించకండి, మీరనుకున్న మాట, వాళ్లు చెప్పబోయే మాట ఒకటి కాకపోవచ్చు. కంగారు పడవద్దని చెప్పకండి, చాలాసార్లు వాళ్లు కంగారులో లేరు. చూపు పక్కకు తిప్పకండి. ముఖ్యంగా ఉద్యోగాల ఇంటర్వ్యూలు చేసేవాళ్లు, వైవా పరీక్షలు పెట్టే అధ్యాపకులు అభ్యర్థికి నత్తి ఉందని తెలిస్తే మరికొన్ని నిమిషాలు ఎక్కువ కేటాయించండి. ఎంత వేగంగా చెప్పారన్నదానికి మార్కులుంటే ఆ గడిని కొట్టేయండి. ఏం చెప్పారో రాసుకుని, దానికి మార్కులు వేయండి.